నా పుట్టుమచ్చంత సైజు

ఏమయ్యా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. లాలాగూడల నీ స్టూడియోల నా ఫోటో ఎప్పుడు తీసినా, కంప్యూటర్ల నా చెంప మీది పుట్టుమచ్చ చెరిపినంకనే ప్రింటు తీసేటోడివి. "గీ నల్లమచ్చ లేకుంటే మంచిగుంటవే" అనేటోడివి.

ఇప్పుడు సికింద్రాబాద్ ఆఫీసుల నాది సుత గదే పని. స్క్రీన్ మీద ఒక్కో పనికి ఒక్కో డబ్బా ఉంటది, వాటిని గీతలతోని కలుపుత. ఫోటో ఒక డబ్బాలకెల్లి ఇంకో డబ్బాలకు పోయి సాఫై వస్తది.

సంవత్సరీకానికని అత్తమ్మ నీ ఫోటో ఇచ్చింది. "మొటిమల మచ్చలు తీసెయ్ బిడ్డా" అన్నది. మచ్చ ఎంతుంటదో, చెరిపే డబ్బాకు మనమే చెప్పాలె. నా పుట్టుమచ్చంత అని పెట్టిన. గంత సైజుల నల్లగ, గుండ్రంగ ఉన్నయన్నీ పోయినయ్. నీ కంటిపాపలు సుత.

"కండ్లేవే?" అని అత్తమ్మ ఏడ్చింది.

"మీ కొడుక్కు నల్లమచ్చలు నచ్చవు గద అత్తమ్మా" అన్న.

గదే ఫోటోకు దండేసిన. ఇగ నా ముఖం ఎట్లున్నా నీకు కనబడది.