చీటీలో అసలు పేరు

3 జూలై 1995, సోమవారం

ఏడో రూములో కొత్త పేషెంటు. చాపాడు వైపు పల్లె. సర్పంచి ఎలక్షన్ గెలిచిన ఊరేగింపు మీద బాంబులు వేశారట. కుడిచెయ్యి మణికట్టు దాకా నుజ్జు. వేసినవాళ్ల మొహాలు చూసింది ఇతనొక్కడే, కాబట్టి వెతుక్కుంటూ వస్తారు. అసలు పేరు చిన్నసుబ్బయ్య. రిజిస్టర్లో మాత్రం వెంకటేశు, ఊరు వేముల, పైల్స్ ఆపరేషన్ అని డాక్టరు గారు చెప్తే నేనే రాశాను. పోలీస్ స్టేషన్‌కు చెప్పే సంగతి తాను చూసుకుంటానన్నారు. నిజం తెలిసింది ఆయనకు, నాకు, ఆయా ఖమర్‌బీకి. ఈ ప్రొద్దుటూరులో నర్సుగా నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎవరి రోగమూ నా నోట్లోంచి గడప దాటలేదు.

5 జూలై

బత్తాయిలు పట్టుకుని ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా. అమ్మా, బాంబు దెబ్బ తగిలిన మా బామ్మర్ది ఈడుండాడంట, యాడుండాడో చూపించు అన్నాడు. అట్లాంటి కేసులు మేము పట్టమప్పా, పెద్దాసుపత్రికి పో అన్నాను. అబద్ధం నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది.

ఖమర్‌బీ వసారాలో ఎవరితోనో బాతాఖానీ వేస్తుంటే పిలిచి తిట్టాను. నోటికి తాళం ఏసుకో మే అన్నాను. నేనేం జెప్పలేదక్కా, బియ్యం రేటు మాట్లాడుకుంటాంటిమి అంది.

7 జూలై

జ్వరం నూట మూడు.

8 జూలై, శనివారం

పుండు వాసన వస్తోంది. డాక్టరు గారు ఇంజెక్షన్ మార్చారు. అతని భార్య సంజీవమ్మ నా కొంగు పట్టుకుంది. మా దేవుళ్లందరికీ మొక్కుకున్యానమ్మా, మీ దేవునికి గూడా ఒక మాట జెప్పు అంది. చెప్తానన్నాను.

9 జూలై, ఆదివారం, సాయంత్రం ఆరు

 జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున చర్చిలో ప్రార్థన చీటీ రాసి పెట్టెలో వేశాను. చిన్నసుబ్బయ్య అని రాశాను. చెయ్యి, జ్వరం, భార్య దుఃఖం. ఆసుపత్రి పేరు రాయలేదు, అంత తెలివి ఉంది నాకు. కింద సంతకం పెట్టాను. ఏ కాగితం రాసినా సంతకం పెట్టడం నాకు అలవాటు.

పాస్టరు ప్రభాకర్ అయ్యగారు దాన్ని మైకులో చదివారు. మన సిస్టర్ సుందరమ్మ గారి ఆసుపత్రిలో చెయ్యి పోయి బాధపడుతున్న సహోదరుడు చిన్నసుబ్బయ్య కోసం అని. చర్చి మిద్దె మీది హారన్ బజారు దాకా వినిపిస్తుంది.

ఆమెన్ అనకుండానే పరుగెత్తాను. ఎవరో అడుగుతున్నారు సార్, ఇప్పుడే పంపించెయ్యాలి అని మాత్రం డాక్టరు గారితో చెప్పాను. ఎట్లా తెలిసిందో చెప్పలేదు. చిన్నసుబ్బయ్యను ఆయన కారులోనే వెనక సీట్లో పడుకోబెట్టి, సంజీవమ్మను పక్కన కూర్చోబెట్టి కర్నూలు పంపాము. ముప్పావు గంటకు జీపు వచ్చింది. నలుగురు. ఏడో రూము తలుపు తన్ని, చిన్నసుబ్బయ్య యాడ అని పేరు పెట్టి అడిగారు. ఖాళీ మంచం చూసి, కిటికీ అద్దాలు పగలగొట్టి పోయారు.

10 జూలై

పేరు బయటికి ఎట్లా పోయిందని డాక్టరు గారు ఆలోచించారు. తెలిసింది ముగ్గురికి. నన్ను అనుమానించలేదు. ఖమర్‌బీని పిలిచి రేపటి నుంచి రావద్దన్నారు. ఆమె ఏడవలేదు. ఖురాను మీద ఒట్టు సార్ అంది. నా వైపు తిరిగి, నువ్వన్నా జెప్పక్కా అంది. నేను బీపీ మిషన్ గొట్టం చుడుతూ నిలబడ్డాను. సిగ్గులేని దాన్ని.

11 జూలై

డ్యూటీ చేశాను.

13 జూలై

సంజీవమ్మ బట్టల మూట కోసం కర్నూలు నుంచి వచ్చింది. చెయ్యి తీసేశారట, ప్రాణం దక్కింది. మీ దేవుడు ఇన్యాడమ్మా అని నా కాళ్లు పట్టుకోబోయింది. మమ్మల్ని పట్టిచ్చిన ఆ ఆయా నోరు పడిపోను అని కూడా అంది. 

14 జూలై

డాక్టరు గారికి చెప్పేశాను. చీటీ, సంతకం, మైకు, అన్నీ.  రిజిస్టర్లో దొంగపేరు రాసిందానివి, ఆడ గూడా అదే రాసింటే పోయేది గదమ్మా అన్నారు. దేవునికి దొంగపేరు ఎట్లా రాసేది సార్ అన్నాను. ఆయన నన్ను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. రాజీనామా నేనే రాసి ఇచ్చాను.

అక్కడి నుంచి ఖమర్‌బీ ఇంటికి పోయాను. గడప దగ్గరే నిలబెట్టింది. అంతా చెప్పాను. తాళం ఏసుకోమంటివి గదక్కా నన్ను అంది. అవునన్నాను.

17 జూలై

ఖమర్‌బీ డ్యూటీకి పోయిందంట. నేను ఇంట్లో ఉన్నాను.