నాన్న వేసిన ముడి

గుడివాడ, 12-8-97

నాన్నకు, మాణిక్యం నమస్కారాలు. నేను పడలేదు, మడత సైకిలూ విరగలేదు. ముందు ఈ మాట అమ్మకు చెప్పు.

మొన్న నువ్వొచ్చి పడవ ఇంజను బోల్టుతో చేసి సైకిలు మడతకు బిగించిన సీల గట్టిగా ఉంది. వల తేలడానికి కట్టే బెండ్లు పెట్టి కుట్టిన సీటు దూదిలా ఉంది. కానీ నీ సీల మీద నీకే నమ్మకం లేక, మడత దగ్గర వలతాడు చుట్టి ముడి వేశావు చూడు, నిన్న బస్టాండులో అది ఊడితే ఒట్టు! సైకిలు మడవందే బస్సెక్కనివ్వరు. నందివాడలో పిల్లలకు టీకాలు వేయాలి, మందు డబ్బాలో ఐసు కరిగిపోతోంది. నేనూ కండక్టరూ తలోవైపు లాగాం. డ్రైవరు కత్తి కోసం వెతుకుతున్నాడు. ఇంతలో బస్సులోంచి ఒక ముసలాయన దిగొచ్చి, ఒక్క గుంజుతో విప్పేశాడు.

"గిలకలదిండి నాంచారయ్య గారి అమ్మాయివా? ఈ ముడి ఆయన తప్ప ఎవరూ వెయ్యరమ్మా. ఆయన పడవలో పదేళ్లు చేశాను" అన్నాడు. బస్సంతా నవ్వులే. టీకాలు వేళకే వేశాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎండు మెత్తళ్లు ఎవరైనా వస్తుంటే పంపించు. తమ్ముణ్ణి అడిగానని చెప్పు. ఆదివారం వస్తాను. ఆ ముడి విప్పడం నేర్పు. వేయడం కూడా.

నీ మాణిక్యం