అత్తయ్య ఒక్కరే శిథిలాలకు వెళ్ళిపోయారు

ఫుల్వియో,

ఈ చీటీ చూడగానే స్కూటర్ తీసుకుని ఓస్తియా శిథిలాల గేటు దగ్గరికి రా. అత్తయ్య ఇంట్లో లేరు. రైలు స్టేషన్ వైపు ఒక్కరే వెళ్తుంటే కింద కాఫీ కొట్టు ఇవానో చూశాడట. ఈ మిట్టమధ్యాహ్నపు ఎండలో! గుండె మాత్రలు బల్ల మీదే వదిలేశారు. అవి పట్టుకుని నేను తర్వాతి రైలుకి వెళ్తున్నాను. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా అది మన వంటింట్లోనే మోగుతోంది.

ఎండెక్కకముందే, గేటు తీసే వేళకి వెళ్ళి చూసొచ్చేద్దామని ఈస్టర్ నుంచీ అనుకుంటున్నాం. ఒక ఆదివారం నీకు ఫుట్‌బాల్, ఇంకో ఆదివారం చేపల వేట. ఇవాళ తెల్లారకుండానే తయారై కూర్చున్న మనిషితో, "రెండు వేల ఏళ్ళ నుంచీ ఉన్న రాళ్ళమ్మా, ఎక్కడికీ పోవు" అని నవ్వేసి వెళ్ళిపోయావు. "రాళ్ళు పోవురా, పోయేదాన్ని నేను" అన్నారావిడ. అప్పటికే నువ్వు మెట్లు దిగిపోయావు. విన్నది నేనొక్కదాన్నే.

ఫ్రిజ్‌లో చల్లటి నీళ్ళున్నాయి, తీసుకురా. అక్కడికొచ్చి మీ అమ్మ మీద అరిచావంటే మాత్రం నేనూరుకోను.

లొరెడానా

తలుపు వేస్తుంటే అత్తయ్య ఫోన్ చేశారు, గేటు కాపలా అతని ఫోన్ నుంచి. బాగానే ఉన్నారు, నీడలో కూర్చోబెట్టారట. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. "మా అబ్బాయి చూపిస్తానన్నాడు, వాడు రానీ" అంటున్నారు. గేటు మూసేలోగా రా.