నలభై ఒకటో మిశ్రమం

సోమవారం

ప్రియాతిప్రియమైన అక్కకు,

ముందుగా నీ పాదాలు పట్టుకుని బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను. దేనికని అడక్కు. ఈ భూమ్మీద జరిగిన సకల అపచారాలకూ నేనే బాధ్యుణ్ణి. వానలు ఆలస్యం కావడం నా వల్లే. నీ జుట్టు ఊడటం కూడా. ఫోనులో అయితే నవ్వేసి తప్పించుకుంటానని తిడతావు కనుక, శాంపిళ్ళ వ్యాను డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఒక చిన్న మనవి. నా కంప్యూటర్ రెండు లక్షల లోహ మిశ్రమాలను జల్లెడ పట్టి ఎంచిన నలభై ఒకటో ఉత్ప్రేరకాన్ని, శుక్రవారం నీ రియాక్టర్ గొట్టంలో అరకిలో నింపుతావట. చెంచాడు చాలదూ? వాయువులు తగిలితే ఎంత వేడి పుడుతుందన్నది అంచనాయే కదా. యంత్రానికీ పరధ్యానం ఉంటుంది.

వినయ విధేయ తమ్ముడు

మంగళవారం

ఒరేయ్ ప్రియమైన కోతీ,

జుట్టు సంగతి తర్వాత. గొట్టం నిన్ననే నింపేశాం. శుక్రవారం పదింటికి మా డైరెక్టర్ వస్తున్నాడు. చెంచాడుతో చూపిస్తే "ఆటలాడుతున్నావామ్మా?" అంటాడు. ఈసారీ పని చెయ్యకపోతే నా జట్టులోని నలుగురినీ తలోచోటికీ పంపేస్తారు. వాల్వు దగ్గర నిలబడేది బాబాయి. సొంత బాబాయి కాదులే, ముప్పై ఏళ్ళ ఆపరేటరు, అందరికీ బాబాయే. వేడి హద్దు దాటితే తప్పుకోవడానికి అక్కడ అడుగు జాగా లేదు.

అందుకే సూటిగా అడుగుతున్నా. నీ లెక్కలో లోపం ఉందా, లేదా? ఒక్క మాట చాలు. జోకులేశావో, వీపు చీరేస్తా.

అక్క

బుధవారం

పూజ్యురాలైన అక్కకు,

వీపు సిద్ధంగా ఉంది. ఒక్క మాటలో చెప్పే విద్య మాత్రం అబ్బలేదు. పరమాణువులను పేర్చి అసలు లెక్క కడితే ఒక్కో మిశ్రమానికి రెండు రోజులు. అందుకని నాలుగు వేలకే కట్టి, అవి చూపించి యంత్రానికి నేర్పాను. మిగతావి అదే చిటికెలో ఊహించింది. నలభై ఒకటిలాంటిది ఆ నాలుగు వేలలో ఒక్కటీ లేదు. తెలియనిదాన్ని గురించి కూడా అది తడుముకోకుండా చెబుతుంది, వైవాలో నాలాగే.

ఇప్పుడు అసలు లెక్క మొదలెట్టాను. శుక్రవారం సాయంత్రానికి గానీ తేలదు. అక్కా, గొట్టం ఖాళీ చెయ్యి. బాబాయిని అక్కడ నిలబెట్టకు.

తమ్ముడు

శుక్రవారం

ప్రియమైన తమ్ముడికి,

డైరెక్టర్ చూస్తుండగానే గొట్టం ఖాళీ చేయించాను. "చివరి నిమిషంలో ఈ పిరికితనమేంటమ్మా?" అని అందరి ముందూ అరిచాడు. చెంచాడు వేసి, అందరం గోడ వెనక్కి వచ్చి, అక్కణ్ణుంచే వాయువు వదిలాం. నలభై సెకన్లు. గొట్టం ఎర్రబడింది. మీటరు ముల్లు చివరికి కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. చెంచాడుకే!

డైరెక్టర్ మంచినీళ్ళు అడిగాడు. బాబాయి తాను నిలబడాల్సిన చోటు వైపే చూస్తూ, "మీ తమ్ముడి చెయ్యి ఒకసారి పట్టుకోవాలమ్మా" అన్నాడు. మా జట్టుకు ఇంకో ఆర్నెల్లు గడువిచ్చారు. రిపోర్టులో "ప్రమాదాన్ని సకాలంలో పసిగట్టినవాడు" అని నీ పేరు రాశాను. గర్వంగా ఉందిరా.

అక్క

శనివారం

అక్కా,

ఆ వాక్యం కొట్టెయ్యి. బాబాయికి నా చెయ్యి ఇవ్వలేను.

నేను పసిగట్టింది సోమవారం కాదు, మూడు వారాల కిందట, నలభై ఒకటి ఉన్న జాబితా నీకు పంపిన రోజే. ఒక యంత్రం పొరబడుతుందేమోనని ఐదింటికి విడివిడిగా నేర్పుతాం. ఐదూ ఒకే మాట చెబితేనే నమ్మాలి. నలభై ఒకటి దగ్గర నాలుగు వేడి తక్కువే అన్నాయి. ఐదోది నిప్పే అంది. తెర మీద ఐదు అంకెలూ చూశాను. అప్పటికే నేను ముందు పంపిన మిశ్రమాలు నీ దగ్గర వరసగా విఫలమై, ఫోనులో నువ్వు నన్ను తిట్టడం కూడా మానేశావు. ఒక్క మంచి కబురు చెప్పాలనిపించింది. అది సాకు, రిపోర్టులో వద్దు. రాయాల్సింది ఇది: ఐదోదాన్ని తీసేసి, మిగతా నాలుగింటి సగటు కట్టి, నీకు పంపాను.

తమ్ముడు