శుక్రవారం లేని లెక్క

లక్డారం, 1977

సోమేశ్వర్,

ఆశీర్వాదాలు ఈసారికి నా దగ్గరే ఉంచుకున్నాను. ఊరంతటికీ ఒకే గోబర్ గ్యాసు గుంట, అతి తక్కువ ఖర్చు, పొగ లేని పొయ్యి అంటూ నువ్వు లెక్క కట్టి వెళ్లావు. ఇప్పుడు గ్యాసు చాలడం లేదంటే, "ఇక్కడి ఆడవాళ్లు సహకరించడం లేదు" అని మీ ఆఫీసుకు రాశావట. మీ అన్న ఆ మాట చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

శుక్రవారం ఏ ఇంటి పేడా గడప దాటి గుంటకు పోదు. లక్ష్మిని ఎవరైనా బయటికి ఎత్తిపోస్తారా? అత్తమ్మ నేర్పిన పద్ధతే ఇది. నువ్వూ ఆ ఇంట్లోనే పెరిగావు. పోనీ శనివారం రెండు రోజులదీ కలిపి తీసుకుపోతే, గుంట దగ్గర నువ్వు పెట్టిన మనిషి "గంత పట్టదక్కా, సారు లెక్కల లేదు" అని తిప్పి పంపుతున్నాడు. చవకగా రావాలని గుంటను అంత ఇరుకు చేసింది నువ్వు. గొట్టానికి చివరి ఇల్లు మాది. శనివారం మంట మా దాకా రాదు.

వచ్చే శనివారమే భోజనానికి వస్తానన్నావు. తప్పకుండా రా. కట్టెలు ముట్టను, నీ పొయ్యి మీదే వండుతాను. ఎంత ఉడికితే అంత తిందువుగాని.

నీ వదిన