యూకే అనుకొని యుగాండాకు పంపిన పళ్లు

పార్శిళ్ల విభాగం పర్యవేక్షకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దేశం కోడ్‌కూ వెబ్‌సైట్ చివరి అక్షరాలకూ తేడా ఎంచనందున మా బాబాయి పళ్లు వేరే దేశం చేరుట గురించి.

కట్టుడు పళ్లు తయారుచేసి జీవించు నేను సవినయముగా విన్నవించునది:

1. మా బాబాయికి అరవై ఎనిమిదేళ్లు, బ్రహ్మచారి. బ్రిటన్‌లోని ఒక రిటైరైన టీచరమ్మతో రెండేళ్లు ఫోనులో చదరంగం ఆడి, పెళ్లికి ఒప్పించి, అక్కడికి వెళ్లినాడు. వెళ్లిన రోజే హోటలు స్నానాలగదిలో పై పళ్ల సెట్టు జారిపడి రెండు ముక్కలైనది. పెళ్లికి పన్నెండు రోజులే గడువు. ఆయన పళ్ల అచ్చు నావద్ద ఉన్నందున రెండు రోజులలో కొత్తది చేసి తమ కౌంటరుకు తెచ్చితిని.

2. ఫారములో దేశం కోడ్ గడిలో జీబీ అని వ్రాసితిని. గుమాస్తా గారు దానిని కొట్టివేసి, హోటలు వెబ్‌సైట్ చూపి, "చివర యూకే అని లేదూ? జీబీ ఏంటమ్మా, ఫోన్ మెమరీయా?" అన్నారు.

"వెబ్‌సైట్‌కి యూకేనే అండీ. దేశం కోడ్ మాత్రం జీబీ. చాలా దేశాలకు రెండూ ఒకటే, దీనికే వేరు" అన్నాను.

"ఇరవై ఏళ్ల సర్వీసు నాది" అన్నారు.

3. కంప్యూటరు జాబితాలో యూకే దొరకలేదు. నా మాట ఒప్పుకొనుటకు మనసు రాక, "ఇదిగో, యూజీ ఉంది. మీ జీ కూడా కలిసొచ్చింది" అని నొక్కినారు. యూజీ అనగా యుగాండా. పళ్లు అక్కడ క్షేమముగా ఉన్నట్లు సమాచారం.

4. బాబాయి టీచరమ్మకు గొంతునొప్పి అని చెప్పి, మూతికి మఫ్లర్ చుట్టుకొని, సూప్ తాగి బతుకుచున్నాడు. నిన్న ఫోనులో, "అమ్మలూ, ఫెల్లి ఇంక ఐదు రోజులే. నా ఫల్లేవే?" అన్నాడు. నవ్వు ఆగక ఫోను పెట్టివేసితిని. తర్వాత ఏడ్చితిని. నేను మొట్టమొదట కట్టిన పళ్లు ఆయనవే. వంకరగా వచ్చినా నా మనసు నొచ్చుకుంటుందని నాలుగేళ్లు వాటితోనే తిరిగిన మనిషి.

కావున సదరు పార్శిలును జీబీ కోడ్‌తో తక్షణమే మళ్లించి, ఒక పెళ్లికొడుకు నోరు నిలబెట్టునట్లు ఈ మనవిని తమ చిత్తమున ఉంచుకొనవలెను.

తమ ఉత్తరువుకై వేచియున్న విధేయురాలు,
కట్టుడు పళ్ల పనిమంతురాలు

తా.క.: ఇది కవరులో పెట్టేలోగా బాబాయి ఫోన్ చేశాడు. "మఫ్లర్ తీఫేశానే."

"అయ్యో! ఆవిడ ఏమంది?"

"తన ఫల్ల ఫెట్టు కూడా తీఫి టేబుల్ మీద ఫెట్టింది. ఇద్దరం నవ్వలేక చచ్చాం."

ఆవిడ సెట్టు వదులుగా ఉందట, కొత్తది నన్నే చేయమంది. వచ్చే నెల పార్శిల్ పట్టుకొస్తానండీ. ఆ రోజు మాత్రం గుమాస్తా గారికి దయచేసి సెలవు ఇప్పించండి.