పేరమ్మత్త మీద కేసు

తిరుపతి,
ఆగస్టు 4.

పేరమ్మత్తకు స్వర్ణ నమస్కారాలు.

ఫోనులో నేను చెప్పేది నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం. యూనివర్సిటీలో ఈసారి మాకు బిజినెస్ ఎథిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంది. వ్యాపారంలో ఏది న్యాయం, ఏది అన్యాయం అనే చదువు. జడ్సన్ సారు చెప్తారు. ప్రతి ఒక్కరం మాకు తెలిసిన వ్యాపారి మీద ఒక కేసు రాయాలి. నేను నీ పేరిచ్చాను. ఇరవై ఏళ్లుగా పోర్టు కాలనీలో గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతున్నావంటే సారు చాలా సంతోషించారు. నీ వ్యాపారం గురించి ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. ఇరవయ్యో తేదీకి కేసు అప్పజెప్పాలి.

నీ మేనకోడలు,
స్వర్ణ.

తా.క.: ఏదీ దాచకు. క్లాసులో నలభై మంది ముందు చదువుతారు.

పాలెం,
ఆగస్టు 11.

కోడలు పిల్ల స్వర్ణకు అత్త పేరమ్మ దీవించి రాసేది.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివినాను, మీ పోలేరయ్య మామ చేత మూడోసారి చదివించినాను. ఎన్నిసార్లు చదివినా కేసు కేసుగానే ఉంది. ఎత్తుకుని పెంచిన అత్త మీద మేనకోడలే కేసు రాయడం, దానికి ఎవరో సారు సంతోషించడం నేనెక్కడా వినలేదు. కాలనీ గేటు కాడ సమాధానం అనే వాచ్‌మెన్‌ని అడిగితే, నలభై మంది ముందర చదువుతారంటే అది చిన్న కోర్టు కాదు, వకీలు లేకుండా నోరు ఇప్పొద్దన్నాడు. కాబట్టి ఇప్పుడు నేనేమీ చెప్పను. నిన్నటి చేపను ఐసులో పెట్టి, ఈ పొద్దు పట్టిందని అమ్మినానని ఎవరన్నా సాక్ష్యం చెప్పుంటే, అది ఒక్క రోజే, అదీ తుపాను పట్టిన రోజు. మామ రెండు రోజులుగా సముద్రం మీద వేటకు పోలేదు. నాకు జామీను ఎవరిస్తారా అని ఆలోచిస్తా కూర్చోనున్నాడు.

నీ మీద కోపం ఉన్నా నీ మేలు కోరే
అత్త పేరమ్మ.

తా.క.: బస్సులో రెండు కేజీల ఎండు నెత్తళ్లు పంపిస్తా ఉండాను. జడ్సన్ సారుకు ఇయ్యి. కేసు కొంచెం మెత్తబడుద్ది.

తిరుపతి,
ఆగస్టు 24.

అత్తకు, జామీను వెతుకుతున్న మామకు నమస్కారాలు.

ఇది పోలీసు కేసు కాదత్తా. ఒక మనిషి వ్యాపారం ఎలా చేస్తుందో చూసి రాసే వ్యాసాన్ని ఇక్కడ కేసు అంటారు. మామను వేటకు వెళ్ళమను. నెత్తళ్లు అందాయి. సారుకు ఇవ్వలేదు, అది లంచం అవుతుంది, అందులోనూ ఈ సబ్జెక్టులో. మా గదిలో వాళ్ళమే వేయించుకుని తిన్నాం. హాస్టలంతా వాసన వచ్చిందని వార్డెన్ కేకలేసింది, తర్వాత ఒక ప్లేటు అడిగి తీసుకుంది.

నువ్వు ఇంకేమీ రాయనక్కర్లేదు. కేసు ఇచ్చేశాను.

ప్రేమతో,
స్వర్ణ.

తా.క.: సారు పన్నెండు పేజీలూ క్లాసులో చదివారు. పేరమ్మ అంత నిజాయితీ గల మనిషిని చూడలేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పాలెం,
సెప్టెంబరు 6.

స్వర్ణకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం చూసి మామ నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. పోలీసు కేసే బాగుండు అనిపించింది. నలభై మంది చదువుకునే పిల్లలు నన్ను నిజాయితీ మనిషి అనుకుంటా ఉంటే గంప ఎత్తుకోబుద్ధి కాలేదు.

కాలనీలో రెబెక్కమ్మ టీచరమ్మ ఉంది గదా, ఆమె మందులేసి పెంచే గుంట రొయ్యలు తినదు. సముద్రపు రొయ్యలే కావాలంటది. రెండేళ్లుగా మామ వలకు రొయ్య సరిగ్గా పడడం లేదు. నేను గుంటల కాడ కొని, సముద్రానివని చెప్పి ఆమెకు అమ్ముతా వచ్చినాను. మొన్న బుధవారం పోయి, గంప దించి, చెప్పేసినాను.

టీచరమ్మ రొయ్యలకని తెచ్చిన గిన్నె పక్కన పెట్టేసింది. తర్వాత, "పేరమ్మా, నేనెప్పుడన్నా రొయ్యను చూసి కొన్నానా? నీ మొహం చూసి కొన్నాను" అనింది. తలుపేసుకుంది.

నాలుగు రోజులు ఆ వీధిలోకి పోలేకపోయినాను. ఈ పొద్దు పోతే ఆమే గేటు కాడికొచ్చి గంపలో ఏముందని అడిగింది. కానాగంత చేపలని చెప్పినాను. తీసుకుంది. రొయ్యల మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఏ వీధిలోనైనా గుంట రొయ్యలని చెప్పే కేకేస్తా ఉండాను. సగం ఇళ్ళు తలుపు తీయడం లేదు.

ఇది మీ సారుకు చదివి వినిపించు. నీకు మార్కులు తగ్గితే నన్ను తిట్టుకో.

ఇట్లు,
తప్పు చేసిన మీ అత్త.

తా.క.: నేను ఒక్క ముక్క చెప్పకుండానే నువ్వు పన్నెండు పేజీలు ఏం రాసినావని మామ అడగతా ఉండాడు.

తిరుపతి,
సెప్టెంబరు 13.

అత్తా,

మామ అడగాల్సిందే అడిగాడు. ఆ పన్నెండు పేజీల్లో నీది నీ పేరొక్కటే. నువ్వేమో వకీలు లేనిదే మాట్లాడనన్నావు, గడువు చూస్తే దగ్గరపడింది. పోయినేడు వేరే సారు దగ్గర చదివి వెళ్ళిన సుశీల్ కుమార్ అనే సీనియర్ కేసు తీసుకుని, అందులో వేరే ఊరి చేపలావిడ పేరు కొట్టేసి, పద్నాలుగు చోట్ల నీ పేరు పెట్టాను. క్లాసు చప్పట్లు కొట్టింది ఆమెకి. నువ్వు మాత్రం ఆ పొగడ్త నీకే అనుకుని వెళ్ళి టీచరమ్మ ముందు తల దించుకున్నావు.

నీ ఉత్తరం చదివాక సారు గది ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, లోపలికి వెళ్ళి చెప్పేశాను. సారు కేకలేయలేదు. ఆ పేజీలు వెనక్కిచ్చి సున్నా వేశారు. తర్వాత నీ ఉత్తరం అడిగి తీసుకుని నెమ్మదిగా చదివారు.

"మళ్ళీ రాయి. మీ అత్త మీద కాదు, నీ మీద రాయి. క్లాసులో నువ్వే చదవాలి" అన్నారు.

సోమవారం చదువుతున్నాను. నువ్వు గంప దించిన రోజు మొదటి మాట ఎలా మొదలుపెట్టావు అత్తా?

నీ
స్వర్ణ.

తా.క.: గుంట రొయ్యకూ సముద్రపు రొయ్యకూ తేడా ఎలా కనిపెట్టాలని సారు నన్ను అడిగారు. వేటాడే ఇంట్లో పుట్టి కూడా నాకు తెలియదని చెప్పాను. ఈ నెలంతా సారుతో నేను చెప్పిన రెండో నిజం అదే అనుకుంటాను. సెలవులకి వచ్చినప్పుడు నేర్పించు.